చివరి జీతం ఇవ్వకుంటే దారేది? మానేసినా, మాన్పించినా రెండు పనిదినాలే గడువు

సత్తెనపల్లి: ఉద్యోగం మానిన వ్యక్తికి రావలసిన చివరి జీతం యజమాని దయ కాదు, పనిచేసిన రోజులకు దక్కవలసిన ప్రతిఫలం. తొలగించినా, స్వయంగా రాజీనామా చేసినా, సంస్థ మూతపడినా ఆ మొత్తాన్ని రెండు పనిదినాల్లోగా చెల్లించాలని చట్టం నిర్దేశిస్తోంది. అయినప్పటికీ ‘లెక్క తేలాలి’, ‘ఓనరుగారు ఊళ్లో లేరు’, ‘వచ్చే నెల చూద్దాం’ అనే మాటలు విని విని, చార్జీలు పెట్టుకొని తిరగలేక ఆ డబ్బును వదులుకునేవారు ఉన్నారు.

పత్తి, మిర్చి పంటల చుట్టూ అల్లుకున్న సత్తెనపల్లి ప్రాంతంలో ఈ సమస్యకు ప్రాధాన్యం ఎక్కువ. జిన్నింగ్ మిల్లులు, స్పిన్నింగ్ మిల్లులు, శీతల గిడ్డంగుల్లో పని సీజన్‌ను బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. దుకాణాలు, ప్రైవేటు పాఠశాలలు, ఆస్పత్రుల్లో చాలామంది నియామక పత్రం లేకుండానే పనిలో చేరతారు. పని మానిన నాడు చేతిలో కాగితం లేకపోతే హక్కు ఉన్నా నోరు మెదపలేని పరిస్థితి ఎదురవుతుంది. చట్టం ఏమి చెబుతోంది, లెక్క ఎలా కట్టాలి, ఎవరిని ఆశ్రయించాలి అన్న వివరాలు ఇవి.

పాత చట్టం, కొత్త కోడ్

వేతనాల చెల్లింపుపై దేశంలో తొలి చట్టం 1936లో వచ్చింది. బ్రిటిష్ ప్రభుత్వం 1929లో నియమించిన రాయల్ కార్మిక కమిషన్ సిఫారసుల దరిమిలా రూపొందిన ఆ చట్టం 1937 మార్చి 28 నుంచి అమలులోకి వచ్చింది. గుంటూరు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో భాగం. జీతాలు నెలల తరబడి నిలిపివేయడం, జరిమానాల పేరుతో కోతలు విధించడం అనే రెండు దురాచారాలను అరికట్టడమే దాని ప్రధాన ఉద్దేశం.

ఆ చట్టంలో ఒక వెలితి ఉండేది. యజమాని తొలగించిన కార్మికుడికి రెండో పనిదినం ముగిసేలోగా జీతం చెల్లించాలని అది చెప్పింది. స్వయంగా రాజీనామా చేసిన వ్యక్తి విషయం ఆ నిబంధనలో లేదు. అందువల్ల ‘నువ్వే మానేశావు కదా, మాకు వీలైనప్పుడు ఇస్తాం’ అనే మాటకు సందు దొరికేది. పైగా నిర్ణీత వేతన పరిమితి దాటినవారికి ఆ చట్టం వర్తించేది కాదు. ఆ పరిమితిని 2017లో నెలకు రూ.24,000గా నిర్ణయించారు.

2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడ్ ఈ రెండు లోపాలను సవరించింది. 2025 నవంబరు 21 నుంచి అది అమలులోకి వచ్చింది. తొలగింపు, రిట్రెంచ్‌మెంట్, రాజీనామా, సంస్థ మూసివేత వీటిలో ఏది జరిగినా రెండు పనిదినాల్లో వేతనం చెల్లించాలని కోడ్ 17వ సెక్షన్ చెబుతోంది. వేతన పరిమితి కూడా తొలగిపోయింది. కూలీ నుంచి గుమస్తా వరకు, సూపర్‌వైజర్ నుంచి మేనేజరు వరకు అందరూ ‘ఉద్యోగి’ నిర్వచనంలోకి వస్తారు. అప్రెంటిస్‌ల చట్టం కింద శిక్షణ పొందుతున్నవారికి మాత్రం మినహాయింపు ఉంది. అయితే ‘ట్రైనీ’ అని నోటిమాటగా పిలిచినంత మాత్రాన ఎవరూ అప్రెంటిస్ కారు.

చివరి లెక్కలో ఏమేమి రావాలి

చివరి చెల్లింపు అంటే ఆఖరి నెల జీతం ఒక్కటే అనుకోవడం పొరపాటు. పనిచేసిన కాలాన్ని, సంస్థ స్వభావాన్ని బట్టి ఈ కింది మొత్తాలు అందులో చేరతాయి.

* చివరి నెలలో పనిచేసిన రోజుల వేతనం, ఓవర్‌టైం సొమ్ము, అంతకుముందు నెలల బకాయి.

* వాడుకోకుండా మిగిలిన ఆర్జిత సెలవులకు వేతనం. కర్మాగారాల్లో ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున ఈ సెలవు లభిస్తుంది.

* నోటీసుకు బదులు వేతనం. దుకాణం లేదా వాణిజ్య సంస్థలో ఆరు నెలలకు తగ్గకుండా పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా తొలగించరాదు. తొలగించాలంటే నెల రోజుల నోటీసు గానీ, దానికి బదులు వేతనం గానీ ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం–1988 చెబుతోంది.

* బోనస్. 20 మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది ఉన్న సంస్థలో ఆ ఆర్థిక సంవత్సరంలో కనీసం 30 రోజులు పనిచేసి, నిర్ణీత వేతన పరిమితికి లోబడినవారికి 8.33 శాతానికి తగ్గకుండా బోనస్ రావాలి. ఏడాది మధ్యలో మానివేసినా పనిచేసిన కాలానికి ఈ హక్కు పోదు. దీనిని చెల్లించడానికి ఆర్థిక సంవత్సరం ముగిసిన తర్వాత ఎనిమిది నెలల గడువు ఉంటుంది.

* గ్రాట్యుటీ. పది మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలో ఐదేళ్లు నిరంతరాయంగా పనిచేసినవారికి ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున చెల్లించాలి. మరణం, అంగవైకల్యం సంభవించినప్పుడు ఐదేళ్ల నిబంధన వర్తించదు. నిర్ణీత కాల ఒప్పందంపై చేరినవారికి పనిచేసిన కాలానికి దామాషాలో గ్రాట్యుటీ ఇవ్వాలని 2020 నాటి సామాజిక భద్రత కోడ్ చెబుతోంది. ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులు కూడా గ్రాట్యుటీకి అర్హులేనన్న చట్ట సవరణను సుప్రీంకోర్టు 2022 ఆగస్టులో సమర్థించింది.

భవిష్యనిధి సొమ్ము యజమాని చేతిలో ఉండదు. దానిని యూఏఎన్ నంబరు ఆధారంగా ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ నుంచి నేరుగా పొందాలి. జీతంలో కోసిన పీఎఫ్ ఖాతాలో జమ కాలేదని తేలితే ఆ సంస్థకే ఫిర్యాదు చేయాలి.

ఒక లెక్క చూద్దాం

నెలకు రూ.13,000 జీతంతో మిల్లులో ఏడేళ్లు పనిచేసిన కార్మికుడు నెల మధ్యలో మానివేశాడనుకుందాం. నెలకు 26 పనిదినాల లెక్కన రోజు వేతనం రూ.500. చివరి నెలలో 18 రోజులు పనిచేసి ఉంటే రూ.9,000. మిగిలిన ఆర్జిత సెలవులు 8 రోజులైతే రూ.4,000. రెండూ కలిపి రూ.13,000. అడ్వాన్సు బాకీ రూ.2,000 ఉంటే తీసివేయగా చేతికి రావలసింది రూ.11,000.

గ్రాట్యుటీ లెక్క వేరు. నెల వేతనాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే ఏడాదికి రూ.7,500 అవుతుంది. ఏడేళ్లకు రూ.52,500. పదకొండు వేల కోసం తిరుగుతూ, యాభై రెండు వేల హక్కు ఉందన్న సంగతి తెలియకపోతే జరిగే నష్టం ఎంతో ఈ లెక్కే చెబుతుంది. అందుకే అడగడానికి వెళ్లేముందు కాగితంపై లెక్క కట్టుకోవడం మొదటి పని.

కోతలకు హద్దులు

చట్టంలో పేర్కొన్న కారణాలకు తప్ప జీతంలో కోత విధించడానికి వీల్లేదు. పనికి రాని రోజులు, ఇచ్చిన అడ్వాన్సు, పీఎఫ్, ఈఎస్‌ఐ, ఆదాయపు పన్ను వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. అన్ని కోతలూ కలిపినా ఆ కాలపు వేతనంలో సగానికి మించరాదు.

యంత్రం చెడిపోయింది, సరుకు తగ్గింది అన్న పేరుతో కోయాలంటే ఆ నష్టం ఉద్యోగి నిర్లక్ష్యం వల్లనే నేరుగా జరిగి ఉండాలి. అతని సంజాయిషీ విన్న తర్వాతే కోత విధించాలి. జరిమానా అయితే ఆ కాలపు వేతనంలో మూడు శాతానికి మించకూడదు. విధించిన 90 రోజుల తర్వాత దానిని వసూలు చేయరాదు.

నోటీసు ఇవ్వకుండా మానివేశారన్న కారణం తరచూ వినిపిస్తుంది. నియామక పత్రంలో నోటీసు షరతు ఉంటే దానిపై వివాదం తలెత్తవచ్చు. అంతేగానీ పనిచేసిన రోజుల వేతనాన్ని మొత్తంగా ఎగవేయడానికి అది అనుమతిపత్రం కాదు. ‘మొదటి నెల జీతం మా దగ్గరే ఉంటుంది, మానేటప్పుడు ఇస్తాం’ అని అట్టేపెట్టుకున్న సొమ్ము కూడా వేతన బకాయే. సర్టిఫికెట్లు తీసుకొని ఉంచుకున్నంత మాత్రాన యజమానికి జీతం ఎగ్గొట్టే అధికారం రాదు.

చట్టం ఇచ్చిన హక్కును వదులుకుంటున్నట్లు రాయించుకున్న ఒప్పందం చెల్లదని వేతనాల కోడ్ స్పష్టం చేస్తోంది. అయినా ఖాళీ కాగితంపైనా, ‘నాకు ఇక ఏ బాకీ లేదు’ అని రాసిన పత్రంపైనా సొమ్ము అందకముందే సంతకం పెట్టకపోవడం మేలు. చెల్లదని నిరూపించుకునే భారం తర్వాత మీద పడుతుంది.

కాగితమే బలం

బకాయి చెల్లించామని రుజువు చేసుకునే బాధ్యత యజమానిదేనని కోడ్ 59వ సెక్షన్ చెబుతోంది. ఇది కార్మికుడికి పెద్ద ఊరట. అయితే ఆ సంస్థలో పనిచేసిన మాట నిజమేనని, ఫలానా తేదీ వరకు పనిచేశానని చూపవలసిన అవసరం మాత్రం తప్పదు. ఇందుకు ఉపకరించేవి ఇవి.

* నియామక పత్రం, గుర్తింపు కార్డు, జీతపు చీటీ. జీతపు చీటీ ఇవ్వడం యజమాని విధి.

* జీతం జమ అయిన బ్యాంకు పాసుపుస్తకం పేజీలు, ఫోన్ ద్వారా వచ్చిన చెల్లింపుల వివరాలు.

* ఈఎస్‌ఐ నంబరు, పీఎఫ్ పాసుపుస్తకం. యజమాని పేరు, చేరిన తేదీ వీటిలో నమోదై ఉంటాయి.

* హాజరు పట్టీ ఫొటో, షిఫ్టు వివరాలు, గేటు పాసు, పని గురించి ఫోన్‌కు వచ్చిన సందేశాలు.

* తోటి కార్మికుల సాక్ష్యం.

ఇవేవీ లేనివారు ఏ రోజు పనికి వెళ్లారో, ఎంత ముట్టిందో చిన్న నోటుపుస్తకంలో తేదీలవారీగా రాసుకున్నా విచారణలో పనికివస్తుంది. రాజీనామా నోటిమాటగా కాకుండా లిఖితంగా ఇచ్చి, రెండో ప్రతిపై అందినట్లు సంతకం తీసుకోవాలి. రెండు పనిదినాల గడువు ఏనాటి నుంచి మొదలైందో తేల్చేది ఆ తేదీయే.

మొదట యజమానికి లేఖ

కార్యాలయాల మెట్లెక్కేముందు యజమానికి ఒక లేఖ రాయడం మంచిది. గొడవ లేకుండా పరిష్కారమయ్యే అవకాశం ఉంటుంది. కాకపోతే అడిగినట్లు ఆధారం మిగులుతుంది. రిజిస్టర్డ్ పోస్టును తపాలా శాఖ 2025లో స్పీడ్ పోస్టులో విలీనం చేసింది. కాబట్టి లేఖను స్పీడ్ పోస్టులో పంపి, రసీదును, అందినట్లు రుజువును భద్రపరచుకోవాలి. లేఖ ఈ తీరులో ఉంటే చాలు.

‘అయ్యా, మీ సంస్థలో ....... తేదీ నుంచి ....... తేదీ వరకు ....... గా పనిచేశాను. నెల జీతం రూ........ . ....... తేదీన రాజీనామా చేశాను (లేదా తొలగించారు). నాకు ....... నెలలో ....... రోజుల వేతనం రూ......., మిగిలిన సెలవుల వేతనం రూ......., మొత్తం రూ....... రావలసి ఉంది. వేతనాల కోడ్ ప్రకారం రెండు పనిదినాల్లో చెల్లించవలసిన ఈ మొత్తం నేటికీ అందలేదు. ఈ లేఖ అందిన ఏడు రోజుల్లోగా నా బ్యాంకు ఖాతాలో జమ చేయగలరు. లేనిపక్షంలో కార్మిక శాఖ అధికారులను ఆశ్రయిస్తానని తెలియజేస్తున్నాను.’

లేఖలో దూషణలు, బెదిరింపులు ఉండరాదు. రావలసిన మొత్తం కంటే ఎక్కువ చేసి రాయరాదు. రేపు అధికారి ముందుకు వచ్చే మొదటి కాగితం అదే.

ఎవరిని ఆశ్రయించాలి

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడినప్పటి నుంచి సత్తెనపల్లికి జిల్లా కేంద్రం నరసరావుపేట. అదే సమయంలో సత్తెనపల్లి కేంద్రంగా రెవెన్యూ డివిజన్ కూడా ఏర్పడింది. వేతన బకాయిలపై మొదట ఆ ప్రాంతపు సహాయ కార్మిక అధికారికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. యజమానిని పిలిపించి రికార్డులు పరిశీలించడం, ఇరుపక్షాల మధ్య రాజీకి ప్రయత్నించడం ఈ స్థాయిలో జరుగుతుంది. చిన్న మొత్తాల వివాదాలు తేలడానికి ఇదే దగ్గరి దారి.

అక్కడ తేలకపోతే కోడ్ 45వ సెక్షన్ కింద క్లెయిము దాఖలు చేయాలి. గెజిటెడ్ హోదాకు తగ్గని అధికారి దీనిని విచారిస్తారు. ఉద్యోగి స్వయంగా గానీ, అతను సభ్యుడిగా ఉన్న రిజిస్టర్డ్ కార్మిక సంఘం గానీ, తనిఖీ అధికారి గానీ దరఖాస్తు చేయవచ్చు. ఒకే సంస్థలో పలువురికి బకాయి ఉంటే అందరి తరఫున ఒకే దరఖాస్తు సరిపోతుంది. ఒంటరిగా వెళ్లడానికి జంకేవారికి ఇది ధైర్యమిచ్చే నిబంధన.

కొత్త కోడ్‌ల అమలు పూర్తిగా కుదురుకునే వరకు పాత నియమాలు, నోటిఫికేషన్లు కొనసాగుతాయని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. అందువల్ల ఏ ఫారంలో, ఏ అధికారికి దరఖాస్తు ఇవ్వాలన్నది కార్మిక శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకొని దాఖలు చేయాలి.

జిల్లా కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వవచ్చు. 1100 నంబరుకు ఫోన్ చేసి కూడా సమస్యను నమోదు చేయించవచ్చు. అయితే ఆ అర్జీ చివరకు చేరేది కార్మిక శాఖకే. అది 45వ సెక్షన్ క్లెయిముకు ప్రత్యామ్నాయం కాదు. అర్జీ ఇచ్చామన్న భరోసాతో అసలు గడువును దాటనివ్వకూడదు.

రైల్వే, బ్యాంకుల వంటి కేంద్ర పరిధి సంస్థల్లో కాంట్రాక్టు పద్ధతిన పనిచేసినవారు కేంద్ర కార్మిక కమిషనర్ విభాగాన్ని ఆశ్రయించాలి. జీతం వసూలు చేసిపెట్టడం పోలీసుల పని కాదు. కానీ జీతం అడిగినందుకు కొట్టినా, బెదిరించినా, నిర్బంధించినా అది నేరం. అప్పుడు పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు చేయాలి.

విచారణ, వసూలు

క్లెయిము విచారించే అధికారికి సాక్షులను పిలిపించడంలో, రికార్డులు తెప్పించడంలో సివిల్ కోర్టుకు ఉండే అధికారాలు ఉంటాయి. మూడు నెలల్లోగా తేల్చడానికి ప్రయత్నించాలని కోడ్ చెబుతోంది. బకాయి ఉన్నట్లు నిర్ధారణ అయితే ఆ మొత్తంతో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం చెల్లించాలని ఆదేశించవచ్చు. పాత చట్టంలో ఆలస్యపు చెల్లింపునకు పరిహారం రూ.1,500కు తగ్గకుండా రూ.3,000కు మించకుండా ఉండేది. పది రెట్లు అన్నది గరిష్ఠ పరిమితి మాత్రమే. ఎంత ఇవ్వాలన్నది పరిస్థితులను బట్టి అధికారి నిర్ణయిస్తారు.

ఉత్తర్వు వెలువడినా యజమాని చెల్లించకపోతే కథ అక్కడితో ముగియదు. అధికారి జారీ చేసే వసూలు ధ్రువపత్రం జిల్లా కలెక్టర్‌కు చేరుతుంది. ఆ మొత్తాన్ని భూమి శిస్తు బకాయి మాదిరిగా వసూలు చేస్తారు. అంటే 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం కింద యజమాని ఆస్తిని జప్తు చేసే ప్రక్రియ మొదలవుతుంది. ఈ దశలో ఉత్తర్వు ప్రతితో పాటు సంస్థ చిరునామా, ఆస్తుల వివరాలు అందజేసి, తహసీల్దారు కార్యాలయంలో దస్త్రం ఎక్కడుందో కనుక్కుంటూ ఉండాలి. ఉత్తర్వుపై 90 రోజుల్లోగా అప్పీలుకు వెళ్లే అవకాశం ఉంది.

తక్కువ చెల్లించిన యజమానికి రూ.50,000 వరకు జరిమానా పడవచ్చు. ఐదేళ్లలోపు అదే నేరం మళ్లీ చేస్తే మూడు నెలల వరకు జైలు, లేదా రూ.లక్ష వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

మేస్త్రి కింద పనిచేస్తే

పత్తితీతకు, మిరపకోతకు కర్నూలు ప్రాంతం నుంచి కుటుంబాలు ఏటా గుంటూరు, పల్నాడు పల్లెలకు వలస వస్తాయి. మిల్లుల్లో, గిడ్డంగుల్లో ముఠాలుగా పనిచేసేవారిని మేస్త్రి కుదురుస్తాడు. డబ్బు అతని చేతికే వెళుతుంది. సీజన్ ముగిసి ఊరికి బయలుదేరే నాడు ‘యజమాని ఇవ్వలేదు’ అని మేస్త్రి, ‘మేస్త్రికి ఇచ్చేశాం’ అని యజమాని చెబితే కూలీ మధ్యలో చిక్కుకుంటాడు.

కాంట్రాక్టు కార్మికుల విషయంలో చట్టం ఈ చిక్కుముడికి సమాధానం చెప్పింది. కాంట్రాక్టర్ వేతనం చెల్లించకపోతే ప్రధాన యజమాని చెల్లించాలి. తర్వాత దానిని కాంట్రాక్టర్ నుంచి రాబట్టుకోవచ్చు. 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టంలో ఉన్న ఈ సూత్రాన్ని 2020 నాటి వృత్తి భద్రత కోడ్ కొనసాగించింది. కాబట్టి దరఖాస్తులో మేస్త్రి లేదా కాంట్రాక్టర్ పేరుతో పాటు మిల్లు లేదా గిడ్డంగి యజమాని పేరు కూడా రాయాలి. ఊరు విడిచి వెళ్లేముందే ఎన్ని రోజులు, ఎన్ని బస్తాలు, రేటు ఎంత, ముట్టింది ఎంత అన్నది అందరూ కలిసి రాసుకొని సంతకాలు చేసుకోవాలి.

అడ్వాన్సు తీర్చేవరకు కదలనివ్వబోమని ఎవరినైనా ఆపడం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద నేరం. కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించుకోవడం రాజ్యాంగంలోని 23వ అధికరణ నిషేధించిన నిర్బంధ శ్రమ కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో తీర్పు చెప్పింది.

గడువు దాటితే చిక్కే

వేతన క్లెయిము దాఖలుకు పాత చట్టంలో 12 నెలల గడువు ఉండగా, కోడ్ దానిని మూడేళ్లకు పెంచింది. ఆలస్యానికి తగిన కారణం చూపితే ఆ తర్వాత కూడా స్వీకరించవచ్చు. 2025 నవంబరు 21కి ముందు ఏర్పడిన బకాయిలకు పాత గడువే వర్తిస్తుందన్న వాదన యజమాని నుంచి రావచ్చు. అటువంటివారు జాప్యం చేయకుండా దరఖాస్తు చేసి, ఆలస్యానికి కారణాన్ని అందులోనే వివరించాలి.

బకాయి కింద యజమాని ఇచ్చిన చెక్కు చెల్లకపోతే మరో దారి ఉంది. బ్యాంకు సమాచారం అందిన 30 రోజుల్లోగా లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన 15 రోజుల్లో సొమ్ము చెల్లించకపోతే ఆ తర్వాత నెలలోగా నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు చేయాలి. ఇక్కడ ఒక్కో గడువూ కీలకమే.

ఉద్యోగి మరణిస్తే అతనికి రావలసిన మొత్తం నామినీకి దక్కుతుంది. నామినీ లేకపోతే సొమ్మును యజమాని నిర్దేశిత అధికారి వద్ద జమ చేయాలి. కుటుంబసభ్యులు అక్కడి నుంచి పొందాలి.

సంస్థ దివాలా తీస్తే

మిల్లు గేటుకు తాళం పడినంత మాత్రాన బకాయి రద్దు కాదు. కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళితే నిర్ణీత గడువులోగా పరిష్కార నిపుణుడి వద్ద క్లెయిము నమోదు చేసుకోవాలి. కార్మికులు, ఉద్యోగులకు ఫారం–డి, సమష్టిగా ప్రతినిధి ద్వారా వేయడానికి ఫారం–ఇ ఉన్నాయి. కంపెనీ ఆస్తులు అమ్మే పరిస్థితి వస్తే, లిక్విడేషన్‌కు ముందటి 24 నెలల కార్మికుల బకాయిలకు తనఖా రుణదాతలతో సమాన స్థానం ఉంటుందని 2016 నాటి దివాలా కోడ్ చెబుతోంది. పీఎఫ్, గ్రాట్యుటీ నిధుల్లోని సొమ్ము ఆ ఆస్తుల్లో కలవదు. తెలంగాణలోని కాగజ్‌నగర్‌లో 2014లో మూతపడిన సిర్పూర్ పేపర్ మిల్లు 2018లో కంపెనీ లా ట్రిబ్యునల్ ప్రక్రియ ద్వారానే కొత్త యాజమాన్యం చేతికి వెళ్లింది. తాళం పడిన నాటి నుంచి మార్పు వచ్చే వరకు నాలుగేళ్లు గడిచాయి. అంతకాలం తర్వాత హక్కును నిరూపించేవి భద్రపరచిన కాగితాలే.

ఉచిత న్యాయ సహాయం

న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేదని వెనుకాడనక్కరలేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. ఇతరులకు ఆదాయ పరిమితి ఉంటుంది. కోర్టు ప్రాంగణంలోని మండల న్యాయ సేవాధికార కమిటీని గానీ, 15100 టోల్‌ఫ్రీ నంబరును గానీ సంప్రదించవచ్చు.

కేసు వేయకముందే వివాదాన్ని లోక్ అదాలత్‌కు తీసుకువెళ్లే వీలుంది. అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. దానిపై అప్పీలు ఉండదు. కనుక రాజీకి కూర్చునేముందు సెలవులు, బోనస్, గ్రాట్యుటీతో సహా మొత్తం లెక్క చేతిలో ఉండాలి. ఆఖరి నెల జీతం ఒక్కదానికి ఒప్పుకొని సంతకం చేస్తే మిగతాది అడిగే దారి మూసుకుపోవచ్చు.

చెల్లింపునకు రెండు పనిదినాల గడువు విధించి, చెల్లించినట్లు రుజువు చూపే భారాన్ని చట్టం యజమానిపైనే మోపింది. రాజీనామాకు అందినట్లు సంతకం, కట్టుకున్న లెక్క, పంపిన లేఖ, గడువులోగా దాఖలు చేసిన క్లెయిము... ఈ నాలుగూ కార్మికుడి వైపు నుంచి జరగవలసినవి. వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు. పని మానేరోజు నుంచే మొదలుపెడితే చాలు.